వెనక్కి నడిచే అదలీద్

ఏలూరులో పెళ్లి ఊరేగింపులకు బ్యాండు కట్టే మాస్టరు షంషుద్దీన్ ఎప్పుడూ అందరికంటే ముందుంటాడు. ముందేముందో మాత్రం చూడడు. వాయించేవాళ్ల వైపు తిరిగి, కర్ర ఊపుతూ వెనక్కి నడుస్తాడు. గొయ్యి వస్తే క్లారినెట్ వాయించే ఎలీయాజరు కనుబొమలెగరేసి హెచ్చరిస్తాడు.

తాడేపల్లిగూడెం బ్యాండువాళ్లు వ్యాను మీద 'జనరల్' అని రాయించుకున్న దగ్గర్నుంచి షంషుద్దీన్‌కు కంటి మీద కునుకు లేదు. ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటున్న కూతురు మునీరా, "సేనానిని స్పెయిను వాళ్లు అదలీద్ అంటారు నాన్నా" అంది. అంతే, పెద్ద డ్రమ్ము మీద ఎర్రరంగుతో ఎక్కించేశాడు. రంగు ఆరకముందే మునీరా మిగతాది చదివింది. అది అరబ్బుల దగ్గర్నుంచి స్పెయిను వెళ్లిన మాటట. అసలు మాట దలీల్, అంటే దారి చూపేవాడు. ఏ వాగు ఎక్కడ దాటాలో తెలిసి సైన్యాన్ని నడిపించేవాడు.

పిల్లలకు అరబ్బీ చదువు చెప్పే భార్య మరియంబీ పకపకా నవ్వింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఏవండీ, మీరు ఏనాడైనా దారికేసి చూశారా?"

ఎవరేమన్నా పడతాడు గానీ, మరియంబీ ముందు పలచనైతే ఆయనకు ముద్ద దిగదు. వచ్చే పెళ్లిలో దారి తనే చూపించాలి, లేదా ఆ పేరు చెరిపేయాలి.

గణపవరం దగ్గర పెళ్లి. సాయంత్రం షంషుద్దీన్ తొలిసారి బ్యాండుకు వీపు పెట్టి నడిచాడు.

"మాస్టారండీ, అటు కాదేమోనండీ," అన్నాడు ఎలీయాజరు.

"నేను చూస్తున్నాను కదయ్యా!"

చూస్తూ చూస్తూనే అందరినీ చేపల చెరువు గట్టెక్కించాడు. గట్టు తూము దగ్గర ఆగిపోయింది. ముందు నీళ్లు, రెండు పక్కలా నీళ్లు, వెనక పెళ్లికొడుకు కారు. తిప్పడానికి చోటు లేదు. మాస్టరుకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి బ్యాండు వైపు తిరిగి కర్ర ఎత్తాడు. "వెనక్కి నడవడం నాకంటే ఎవరికి తెలుసయ్యా? ముందు వేళ్లు ఆనించండి, తరవాత మడమ. పాట ఆగకూడదు!"

కారు రివర్సులో, బ్యాండు వెనకడుగులో కదిలాయి. ఇప్పుడు వాయించేవాళ్లూ దారీ రెండూ ఆయన కళ్లెదుటే ఉన్నాయి. "ఎడమకండీ డ్రైవరు గారూ! ఎలీయాజరూ, వెనక గొయ్యి!" అని అరుస్తూ, కనుబొమలెగరేస్తూ, అందరినీ రోడ్డెక్కించాడు. ఒక్కరి చెప్పు కూడా తడవలేదు.

ఇంటికి రాగానే మరియంబీ అడిగింది. "దారి చూపించారా?"

"చూపించాను."

"ఎటు?"

షంషుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "వెనక్కి."

మరియంబీ నవ్వాపుకోలేకపోయింది. "సరే, పేరు ఉండనివ్వండి. వచ్చే పెళ్లిలో మాత్రం ఎలీయాజరు మాట వినండి."