గల్లీ మలుపులో కానుగ మొక్క

మా మనవరాలి బడిలో ఆ ఏడు ఇంటిల్లిపాదీ కలిసి ఏదో ఒక సమాజసేవ చేసి ఫోటో తెమ్మన్నారు. చెట్టు నాటుదామన్నాడు మా అబ్బాయి. చిక్కడపల్లిలో మా గల్లీకి నీడనేదే లేదు, మంచిమాటే అనుకున్నాను. ఎక్కడరా అంటే మలుపులో అన్నాడు. మలుపే ఎందుకో నాకు వెంటనే అర్థమైంది.

మలుపు దాటితే ఒక్కటే ఇల్లు. ఆ ఇంటావిడా నేనూ ముప్పై ఏళ్లుగా వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే నెల రోజులు నా పిల్లలకి అన్నం పెట్టింది. ఆమె చేతి పచ్చిపులుసు తిని పెరిగినవాడే మా అబ్బాయి. ఈమధ్య ఆమె కొడుకు కారు కొన్నాడు. అది రెండుసార్లు మా అరుగు అంచు గీరింది. మాటా మాటా పెరిగి మా అబ్బాయికీ అతనికీ మాటల్లేవు.

"ఒకసారి నాటాక ఎవరు పీకుతారో చూస్తా. చెట్టు మీద చెయ్యేస్తే గల్లీ అంతా వాడినే అంటది," అని మా అబ్బాయి కోడలితో అంటుంటే, బియ్యం ఏరుతూ విన్నాను. విని ఊరుకున్నాను.

అశోక్ నగర్‌లో మొక్కలమ్మే బండి దగ్గర్నుంచి కానుగ మొక్క తెచ్చారు. ఆదివారం పొద్దున గుంత తవ్వుతుంటే వదిన మెల్లగా బయటికొచ్చింది.

"ఏం జేస్తున్రు వదినె?"

"పిల్ల బడి పని వదినా. చెట్టు నాటుతున్నాం."

"మంచిగైంది. ఈ గల్లీల ఎండకు మాడి చస్తున్నం. జర ఆగుండ్రి."

లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి తనే పోసింది. కోడలు ఆమెనీ ఫోటోలో నిలబెట్టింది. మనవరాలి చెయ్యి, నా చెయ్యి, ఆమె చెయ్యి, మూడూ మొక్క మీద. బడిలో ఆ ఫోటో గోడకి పెట్టారట.

వారం తిరక్కుండా మా అబ్బాయి మొక్క చుట్టూ ఇనుప జాలీ బిగించాడు. మలుపులో వాళ్ల కారు తిరగడం ఆగిపోయింది. వాడు కోరుకున్నదీ అదే. కానీ ఆటో కూడా తిరగలేదు. వదిన వారానికి రెండుసార్లు మోకాళ్ల వైద్యానికి నారాయణగూడ వెళ్లాలి. ఎప్పుడూ గడప ముందే ఎక్కేది. ఇప్పుడు ఆటో గల్లీ మొదట్లోనే ఆగిపోతోంది.

ఓ రోజు గోడ పట్టుకుని నడుస్తూ మా గేటు దగ్గర నిలబడింది.

"ఆ చెట్టు అక్కడెందుకు పెట్టిన్రో నీకు ముందే ఎరుకేనా వదినె?"

"తెలీదు వదినా."

కాసేపు నా మొహంలోకి చూసింది. "అబద్ధమాడితే నువ్వు పైట సవరించుకుంటవ్. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న," అని వెళ్లిపోయింది.

ఆ పూటే మొక్కని పక్కకి మార్చమని అబ్బాయినడిగాను.

"పచ్చటి మొక్కని పీకమంటావా అమ్మా? పాపం తగలదూ?" అన్నాడు. కోడలు నవ్వింది.

అప్పటికది నా నడుమెత్తు కూడా లేదు. నేనే పీకి పారేసినా పోయేది. కొడుకు మొహం మాడ్చుకుంటాడని పీకలేదు. ఇప్పుడది మా మేడ పిట్టగోడని దాటింది. గల్లీ మొదటిదాకా నడవలేక వదిన వైద్యం మానేసిందట, మంచం కూడా దిగడం లేదట. ఆ సంగతి నాకు మా పాలవాడు చెప్పాడు.