తెల్లబంతి మొదటి పేజీ

డ్రిల్లు మాస్టారు పోయారు. సోమవారం పొద్దున ఆసుపత్రిలో, నిద్రలోనే. ఆయన నడిపిన టెన్నిస్ పత్రిక ‘తెల్లబంతి’ వచ్చే సంచిక ఎప్పుడని చందాదారులు కార్డులు రాస్తున్నారు. మీ అందరికీ ఈ ఒక్క కాగితమే జవాబు. సంచిక రాదు.

ఆయన దగ్గరికి నేను మొదట వెళ్ళింది పోట్లాటకే. అప్పటికి నాలుగు కరపత్రాలు చదివి ఉన్నాను, లోకం నాకు అర్థమైపోయింది. బ్రాడీపేటలో ఆయన ముందుగదిలో నిలబడి అరిచాను. పత్తికి పురుగు పట్టి రైతు ఏడుస్తుంటే, తెల్లలాగుల దొరల ఆటకి తెలుగులో పత్రికా అని.

“అయిందా? కాఫీ చల్లారుతోంది. తాగి, ఇప్పుడన్నదంతా కాగితం మీద పెట్టు. అచ్చేస్తాను,” అన్నారు.

అన్నట్టే వేశారు. “ఒక్క పేరాలో దోపిడీ అని నాలుగుసార్లు రాశావురా. ఒకటి ఉంచాను. మిగతావి వచ్చే నెలకి దాచుకో.” అలా ‘తెల్లబంతి’లో తగువు పేజీ మొదలైంది.

పత్రిక ఎందుకు పెట్టారని ఒకసారి అడిగాను. క్లబ్బులో ఆట జరుగుతుంటే పిల్లలు గోడెక్కి చూసేవాళ్ళట. “పాయింటు ఎవరిదో వాళ్ళకి చెప్పేవాడు ఒకడుండాలి కదరా.” విదేశాల ఫలితాలు మన పత్రికలో నెల ఆలస్యంగా వచ్చేవి. ఎవరు గెలిచారో పేపర్లు చెప్తాయి, ఎలా గెలిచారో నేను చెప్తాననేవారు. దర్శి నుంచి ఒక పాఠకుడు కోర్టు గీసుకోవడం ఎలాగని అడిగితే, కొలతలన్నీ బారల్లో, మూరల్లో అచ్చేశారు. టేపు లేనివాడికి చేతులుంటాయి కదా అని.

“బంతి పసుపచ్చదైంది మాస్టారూ, పత్రిక పేరు మార్చండి,” అని ఏడిపించేవాణ్ణి.

“పేరు పెట్టాక బిడ్డ రంగు చూసి మారుస్తావా? పో పోవోయ్.”

ఈ వేసవిలో వినుకొండ వైపు ఒక ఊరివాళ్ళు ఆ కొలతలతోనే మిరపకళ్ళంలో కోర్టు గీశారు. గోనెలు కలిపి కుట్టి నెట్ కట్టి, ఆట చూడ్డానికి మమ్మల్ని పిలిచారు. మిరపకాయలు ఎత్తేసిన నేల గట్టిగా, నున్నగా ఉంది. కానీ బంతి పడ్డ చోటల్లా ఎర్రదుమ్ము లేచి, సర్వీసు చేసేవాడూ తుమ్ముతున్నాడు, అందుకునేవాడూ తుమ్ముతున్నాడు. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నారు.

నేను నవ్వలేదు. ఆడినవాళ్ళు ఆసామి కొడుకులు. ఆ కళ్ళంలో కాయలు ఎండబెట్టిన కూలీలు గట్టు మీద కూర్చుని చూశారు. క్లబ్బు గోడ పోయి గట్టు వచ్చింది, ఇంతకీ ఆట ఎవరిదని తగువు పేజీకి రాసి ఇచ్చాను. మాస్టారు రెండుసార్లు చదివారు. “దీనికి జవాబు నేనే రాస్తాను. ప్రెస్సులో మొదటి పేజీ ఖాళీగా ఉంచమను,” అన్నారు.

మిగతా పేజీలన్నీ కంపోజయ్యాయి. ఇంతలో ఆయన మంచాన పడ్డారు. ఆషాఢంలో పెళ్ళికార్డుల పని ఉండదు కాబట్టి, ప్రెస్సు సాయిబుగారు ఆ సీసపు అక్షరాలను అలాగే పేజీలుగా దారంతో కట్టి ఉంచారు. శ్రావణం దగ్గర పడింది, ఇక శుభలేఖలకి ఆ అక్షరాలు కావాలి.

“మొదటి పేజీ ఖాళీగానే వేసేద్దాం మాస్టారూ,” అన్నాను ఆసుపత్రిలో.

“వద్దురా. నీతో ఇన్నాళ్ళు వాదించి చివరికి తెల్లకాగితం చూపించనా? రాస్తాను. ఆగు.”

ఆగాను. ఆయన ఆగలేదు.

“మీరే రాసెయ్యండి బాబూ. ఆయన మాటలు మీకు తెలియనివా?” అన్నారు సాయిబుగారు. కూర్చుని రాశాను. చదివి చూస్తే నేనన్నదానికి నేనే ఔనంటున్నాను. ఆయనైతే ఎక్కడో కాదనేవారు. ఎక్కడన్నది నాకు తెలియదు. ఆ గట్టు మీదివాళ్ళకి ఆయన ఏం చెప్పదలచుకున్నారో ఇక ఎవరికీ తెలియదు. నా మాటలు ఆయన పేరుతో మీకు పంపలేను. కాగితం చించేసి, అక్షరాలు విప్పుకోమన్నాను.

నిన్న ప్రెస్సులో చూస్తూ నిలబడ్డాను. సాయిబుగారు ఒక్కో పేజీ దారం విప్పి, అక్షరాలను వాటి వాటి గళ్ళలోకి వేస్తున్నారు. కళ్ళం పోయింది, గోనెలు పోయాయి, గట్టు పోయింది. చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్కబల్ల మీద ఎవరివో శుభలేఖల అట్టలు పేర్చి ఉన్నాయి. మొదటి పేజీ దగ్గరికి వచ్చేసరికి విప్పడానికి అక్షరాలు లేవు. పేజీకి అంచుగా చుట్టూ పెట్టిన నాలుగు ఇత్తడి గీతలే ఉన్నాయి. సాయిబుగారు వాటిని తీసి, గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటిగా గోడకి ఆనించారు.