అక్క చేతులతో ఆరు కిలోమీటర్లు

ఏటి కట్ట మీద మా ఊరి నుంచి అమరావతికి ఆరు కిలోమీటర్లు. ఎక్కడా మెట్టు లేదు. పుష్కరాలప్పుడు గ్రావెల్ పోసి, రోలర్ తిప్పి, ముసలివాళ్ళ కోసం రెండు చివర్లా వాలుగా దారి దింపారు. చూడ్డానికి రమ్మని మిమ్మల్ని పిలుస్తున్నానుగానీ నేను వెళ్ళింది మాత్రం షికారుకి కాదు. అంపైరుగా వెళ్ళాను.

సంగతేమిటంటే, మా అక్క సుజాతకి అమరావతిలో ఎస్టీడీ బూత్ మంజూరైంది. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్ళూ పోయాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండే తన కాళ్ళు. బూత్ ఎవరికైనా అద్దెకిచ్చేద్దామన్నాడు నాన్న. తనే కూర్చుంటానంది అక్క.

"బస్సు మెట్లు రోజూ ఎవరెక్కిస్తారే నిన్ను?"

"బస్సెవరికి కావాలి నాన్నా? కట్ట ఉందిగా."

ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు తీసిపోయేవాళ్ళు కాదు. చివరికి నాన్నే ఒప్పందం పెట్టాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా, ఎవరూ తొయ్యకుండా, బూత్ దగ్గరికి చేరితే తాళంచెవి అక్కది. చేరకపోతే అద్దెకి. తోశారో లేదో చూసే పని నాది.

శనివారం సాయంత్రం అయిదున్నరకి నేనుండే గుంటూరులో అమరావతి బస్సెక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. దారి పొడుగునా పత్తి తీతలు అయిపోయిన చేలు, మిరప కోతల్లో ఉన్న చేలు. అమరావతిలో దిగి ఆటోలో ఇంటికి చేరేసరికి ఏడున్నర. అక్క అప్పటికే బండి గొలుసుకి నూనె పెట్టి, టైర్లలో గాలి కొట్టించి, నా కోసం కాదుగానీ తెల్లవారడం కోసం ఎదురుచూస్తున్నట్టు వాకిట్లో కూర్చుని ఉంది.

ఆదివారం ఆరుంబావుకి బయల్దేరాం. వాలు దారి ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. అక్క మెడ నరాలు ఉబ్బుతుంటే నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి.

"ఒరేయ్, చెయ్యి తియ్యి," అంది తను, వెనక్కి చూడకుండానే. ఆ తర్వాత నేను చేతులు వెనక్కి కట్టుకునే నడిచాను.

పైకెక్కాక మాత్రం హాయి. ఎడమ పక్క చేలు, కుడి పక్క కృష్ణ. ఫిబ్రవరి కాబట్టి నీళ్ళు పలచబడి మధ్యలో ఇసక తేలింది. ఏడున్నరకి ఎత్తిపోతల మోటార్ల షెడ్డు దగ్గర ఆగి, ఇంట్లోంచి తెచ్చుకున్న ఇడ్లీలు కారప్పొడితో తిన్నాం. మూడు కిలోమీటర్లు అయిపోయాయి. ఈ లెక్కన తొమ్మిదిలోపే చేరతామని అక్క ధీమా. నాదీ అదే ధీమా.

ఎనిమిదింటికి మలుపు తిరిగాం. కట్టంతా ఎర్రగా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, దాదాపు ఒక ఫర్లాంగు పొడుగునా మిరపకాయలు ఎండబోశారు.

సిగ్గుపడాల్సిన విషయం చెప్తాను. మేం మూడు తరాలుగా మిరప రైతులం. కోతలొస్తే చదునుగా ఉన్న ప్రతి జాగా కల్లమైపోతుందని మాకు తెలియదా? ఈ దారిని మేం దసరా సెలవుల్లో చూసి, బాగుందని ఖాయం చేసుకున్నాం. అప్పటికి మిరప ఇంకా మొక్క. నడిచేవాళ్ళయితే కట్ట దిగి పక్కనుంచి పోతారు. బండి దిగలేదు. కాయల మీదుగా తొక్కుకుపోదామా అంటే, నలిగిన కాయకి గింజ రాలిపోతుంది, ధర పడిపోతుంది. ఆ పాపం మేం చెయ్యలేం.

కాళ్ళతో కాయల్ని తిరగేస్తున్న ఆడవాళ్ళు నలుగురు ఆగి చూశారు. వాళ్ళలో పెద్దావిడ నాగమ్మ అట.

"నలుగురం పట్టుకుని బండెత్తి అవతల పెడతాం పదమ్మా. అదెంత పని?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మొహం మాత్రం మాడిపోయింది.

"నన్నెత్తొద్దు పిన్నీ. కాయల్ని జరపండి."

"ఇంత కల్లమా? ఈ ఒక్కసారికి ఎత్తించుకుంటే ఏం పోయింది?"

"ఒక్కసారి కాదు. రేపూ వస్తాను. ఎల్లుండీ వస్తాను. రోజూ ఎత్తుతారా?"

నాగమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని అక్కని ఎగాదిగా చూసింది. "నోరు గట్టిదే," అని, చీర ఎగదోపుకుని, ఏటి వైపు అంచున కాయల్ని కాలితో లోపలికి నెట్టడం మొదలుపెట్టింది. మిగతా ముగ్గురూ వెనకే. నేనూ చెప్పులిప్పి దిగాను. కాయలు జరపొద్దని ఒప్పందంలో లేదు. ఘాటుకి నేను తుమ్మిన తుమ్ములకి వాళ్ళు నవ్విన నవ్వులు ఏటి అవతలికి వినపడే ఉంటాయి. బండి వెడల్పున దారి తెరుచుకునేసరికి ఎనిమిదీ నలభై.

"రేపట్నించి ఇంత జాగా వదిలే పోస్తాం, పో," అంది నాగమ్మ.

ఇంకా రెండు కిలోమీటర్ల పైనే ఉంది. పెడళ్ళు తిరుగుతున్న చప్పుడు, అక్క ఊపిరి, అంతే. ఆ వేగానికి నేను సగం నడక, సగం పరుగు. అమరావతి వైపు వాలు దిగి బూత్ ముందు ఆగేసరికి తొమ్మిదీ పది. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. పది నిమిషాల కోసం అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నా వాచీ మీద కోపమొచ్చింది.

నాన్న లేడు. తాళంచెవి ఆయన దగ్గరే. ఎనిమిదిన్నర బస్సుకి వస్తానన్న మనిషి తొమ్మిదిన్నరకి చెమటలు తుడుచుకుంటూ దిగాడు. బస్సు లేటు.

"ఎంతకొచ్చారు?"

"తొమ్మిదీ పదికి," అన్నాను. అంపైరు అబద్ధమాడకూడదు.

"తోశావా?"

"లేదు."

అక్క చేతుల వంక చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి అక్క ఒళ్ళో పెట్టి, టీ తాగొస్తానని పక్కకి వెళ్ళిపోయాడు. టీ కొట్టు ఎదురుగానే ఉంది. ఆయన మాత్రం అరగంటకి వచ్చాడు.

మధ్యాహ్నం గుడి వీధి హోటల్లో గోంగూరతో భోజనం చేశాం. నాన్న బస్సుకి ఇంటికెళ్ళాడు. నాలుగున్నరకి అక్క బూత్ మూసింది. ఇంటిదాకా తోడొస్తానన్నాను.

"నీ బస్సు పోతుంది, పద," అంటూ బండి బస్టాండు వైపు తిప్పింది.

బస్సు కదిలేదాకా కిటికీ కింద ఆగి చెయ్యి ఊపి, కట్ట వైపు తిరిగింది. సంతోషమే వేసింది. దాంతోపాటు కాస్త దిగులు కూడా.

పక్క సీటాయన అడిగాడు: "ఆవిడొక్కరే వెళ్తున్నారు, ఇక్కడిదాకా ఆవిణ్ణి దింపడానికొచ్చారా మీరు?"

"కాదండీ. ఆవిడే నన్ను బస్సెక్కించి వెళ్తోంది."