శబ్దం బయటికి రాని ఇల్లు

నాగమల్లేశ్వరి ఇల్లు చూడడానికి వెళ్ళిందంటే ఆ ఇంటికి ముచ్చెమటలు పట్టాల్సిందే. మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి, నచ్చని బ్యాచినల్లా చెత్తలో పోయించిన మనిషి మరి. రిటైరయ్యి, భర్త కూడా పోయాక ఆ చూపంతా అమెరికాలో తనుండే ఊరు క్యారీలోని అపార్ట్‌మెంట్ల మీద పడింది. ఉద్యోగం మారి క్యారీకి రాబోయే తెలుగువాళ్ళు ముందు ఆవిడకి ఫోన్ చేసేవాళ్ళు. ఆవిడ వెళ్ళి చూసి, ఒక కాగితం మీద తీర్పు రాసి, స్కాన్ చేసి పంపేది. ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల కూర్చుని వాళ్ళు ఆ కాగితాన్ని నమ్మి, కళ్ళతో చూడని ఇంటికి సంతకం పెట్టేసేవాళ్ళు.

ఆవిడ సంచిలో టేపు, టార్చి, తెనాలి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఉండేవి. షవర్ కింద చెంబు పెట్టి ఎన్ని అంకెల్లో నిండుతుందో లెక్కపెట్టేది. పది దాటితే ఆ ఇల్లు ఫెయిలయినట్టే. ఇళ్ళు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసుల వాళ్ళు మొదట్లో ఆ చెంబుని చూసి నవ్వేవాళ్ళు. ఆవిడ చూపు చూశాక మానేశారు.

2009 మార్చిలో వేరే రాష్ట్రంలోని పిస్కాటవే నుంచి చరిత అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, నాకు ఒక్కటే కండిషన్. సౌండ్ రాకూడదు. ఇక్కడ గోడలు కావు, కాగితాలు. నేను తుమ్మితే పక్కింటి కనకదుర్గ ఆంటీ అట్నుంచి చిరంజీవ అంటుంది. ఓ రోజు లేటుగా లేస్తే గోడ దబదబా బాది, బతికున్నావా అని అడిగింది. పిచ్చెక్కిపోతోంది."

"నాకు చెప్పావుగా, నిశ్చింతగా ఉండు" అంది నాగమల్లేశ్వరి.

శనివారం పొద్దున్న లీజింగ్ ఆఫీసావిడతో కలిసి రెండో అంతస్తులో చివరి ఫ్లాటు చూడడానికి వెళ్ళింది. గోడలు తట్టి చూసింది, మందంగా ఉన్నాయి. బాత్రూంలో చెంబు పెట్టింది. ఏడు అంకెల్లో నిండింది. సంతోషించి కుళాయి కట్టేసింది.

అప్పుడు నెత్తిమీద గాలి బయటికి లాగే ఫ్యాను గొట్టంలోంచి వినపడింది. పై ఇంట్లో ధబ్బుమని ఏదో పడిన చప్పుడు. మళ్ళీ ఇంకోటి. ఆ వెనకే ఆడగొంతు, తెలుగులో.

"అమ్మా! తల మీద వద్దు! తల మీద వద్దు!"

నాగమల్లేశ్వరికి అర్థమైంది. తల మీద వద్దంటోందంటే, తక్కిన ఒళ్ళంతా ఆ కొట్టేవాడికి ఎప్పుడో వదిలేసిందన్న మాట.

పైన ఉన్నది మూడో అంతస్తులో చివరి ఫ్లాటు. అది ఆవిడకి బాగా తెలుసు. ఏడాదిన్నర కిందట ఫ్రిస్కో నుంచి వస్తున్న జితేందర్ అనే అబ్బాయికి, కొత్తగా కాపురానికొచ్చిన భార్య త్రివేణికి తనే చూసిపెట్టింది. అతను నీళ్ళ సంగతి అడగలేదు, వంటింటి సంగతి అడగలేదు. "శబ్దం బయటికి పోతుందా ఆంటీ? పాత ఇంట్లో పక్కవాళ్ళు ఊరికే కంప్లైంట్లు ఇస్తున్నారు" అని మాత్రం అడిగాడు. ఇరుగుపొరుగుకి ఇబ్బంది కాకూడదనుకుంటున్నాడు, ఎంత మర్యాదస్థుడో అని మురిసిపోయింది పిచ్చిది. ఆఫీసావిడని లోపల నిలబెట్టి అరిపించి, బయట నుంచుని విని, తీర్పు రాసింది. "ఇంట్లో ఏం జరిగినా బయట పురుగుకి కూడా వినపడదు. తీసుకో."

"పోలీసుల్ని పిలువు!" అని ఆఫీసావిడ మీద అరిచి, చెంబు చేత్తో పట్టుకుని అరవైనాలుగేళ్ళ మోకాళ్ళతో మెట్లెక్కింది. తలుపు బాదింది.

జితేందర్ తలుపు జానెడు తీశాడు. మొహం నిండా చెమట, వేళ్ళ కణుపుల మీద రక్తం.

"ఆంటీ, మీరా! ఏం లేదండీ, త్రివేణి కాలు జారి పడింది."

"తప్పుకో."

"ఇది ఫ్యామిలీ మ్యాటర్ ఆంటీ. మీరు వెళ్ళండి" అని తలుపు వేసేయబోయాడు. ఆవిడ చెంబుతో సహా కుడిచెయ్యి సందులో దూర్చింది. తలుపు మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకే వినపడింది. చెంబు సొట్టపోయి తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. వాడు భుజంతో ఎంత తోసినా తలుపు పడలేదు. చివరికి చిరాకెత్తి తలుపుని ఒక్క ఊపున వెనక్కి లాగాడు.

ఆవిడ లోపలికి తూలి, ఎడమచేత్తో చెంబు అందుకుని వాడి నుదుటి మీద ఒక్కటిచ్చింది. చర్మం చిట్లి రక్తం కంట్లోకి కారింది. వాడు బూతులు తిడుతూ ఆవిడ జుట్టు దొరకబుచ్చుకుని తల గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మందపాటి గోడ, ఆవిడ స్వయంగా మెచ్చుకున్న గోడ. కళ్ళు బైర్లు కమ్ముతుంటే వంగి, వాడి మోకాలి చిప్ప చూసి చెంబుతో బలంకొద్దీ కొట్టింది. వాడు కుప్పకూలాడు.

వాడి వెనక కార్పెట్ మీద త్రివేణి కూర్చుని ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలింది. పక్కన ఊడొచ్చిన జుట్టు గుప్పెడుంది.

పోలీసులొచ్చారు. "ఈ ముసల్ది పిచ్చిది, ఇంట్లో దూరి నన్ను కొట్టింది" అన్నాడు జితేందర్. ఒక పోలీసు త్రివేణి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏం జరిగిందని అడిగాడు. ఆ పిల్ల మొగుడి వంక చూసింది.

"పడ్డాను" అంది ఇంగ్లీషులో.

నాగమల్లేశ్వరికి విరిగిన చెయ్యి అప్పటిదాకా నొప్పి పుట్టలేదు. ఆ మాట వినగానే పుట్టింది.

"అమ్మాయ్, ఇటు చూడు" అంది తెలుగులో. "ఈ ఇల్లు మీకు చూసిపెట్టింది నేను. ఇందులోంచి శబ్దం బయటికి రాదని రాసిచ్చింది నేను. పాపం నాది. కానీ ఇప్పుడు నువ్వు నోరు విప్పకపోతే ఎప్పటికీ రాదు."

త్రివేణి ఒంటికన్నుతో ఆవిడ చేతికేసి, చెంబు సొట్టకేసి చూసింది. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి పోలీసుకి చూపించింది. పాత మచ్చలు, కొత్త మచ్చలు. "హి డిడ్. టూ ఇయర్స్" అంది. జితేందర్‌కి బేడీలు పడ్డాయి.

మధ్యాహ్నం ఆస్పత్రిలో నాగమల్లేశ్వరి చేతికి కట్టు కడుతుంటే చరిత ఫోన్ వచ్చింది.

"ఆంటీ, ఫ్లాట్ ఎలా ఉంది? సౌండ్ వస్తోందా?"

"అది నీకొద్దులే, ఇంకోటి చూస్తాను. నువ్వు ఖాళీ చేసే ఇంటికి ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరొస్తారాంటీ? ఇంకా ఏడు నెలల లీజుంది. పక్కింటావిడ గురించి వినగానే పారిపోతున్నారు."

పక్క మంచం మీద పెదవికి కుట్లు వేయించుకుని త్రివేణి పడుకుని ఉంది. పెద్దమ్మ కూతురు పిస్కాటవే పక్కనే ఎడిసన్‌లో ఉందని, ఇంక క్యారీలో ఒక్కరోజు కూడా ఉండలేనని అంతకుముందే చెప్పింది.

నాగమల్లేశ్వరి నర్సునడిగి ఒక కాగితం తీసుకుంది. జీవితంలో మొదటిసారి, తను చూడని ఇంటికి, చరిత ఖాళీ చేస్తున్న ఇంటికి, తీర్పు రాసింది. ఎడమచేత్తో రాసిన అక్షరాలు వంకర్లు పోయాయి. రాసి త్రివేణి గుండెల మీద పెట్టింది.

"గోడలు పల్చన. తుమ్మినా పక్కింటికి వినపడుతుంది. తీసుకో."