జొన్న విత్తిన రోజు నాగమ్మ కన్ను

ఏండ్లుగా ఈ మాటను మోస్తున్నాను. గోనె బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించేవాణ్ణి. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. నా చెల్లెలు నాగమ్మ కన్ను పోయింది. అందులో నా తప్పుంది. ఆ తప్పును తీసుకెళ్లి ఆమె మీదే వేశాను.

ఆళ్లగడ్డ దగ్గర మా రేగడి చేలో జొన్న విత్తుతున్నాం. వాన పడి నేల సరిగ్గా పదునుకొచ్చింది. నేను గొర్రు తోలుతుంటే, వెనక నడుస్తూ గొర్రు మీది గిన్నెలో, జడ్డిగంలో, గింజలు వదిలేది నాగమ్మ. గింజలు వదిలే చెయ్యి మారితే ఒక సాలు ఒత్తు, ఒక సాలు పలచన. చేను నడుమ ఆమె నిలబడిపోయింది.

"అన్నా, కుడికంట్లో చీకటి పడిపాయ. నొప్పేం లేదు. పటక్కున ఆరిపాయ."

"ఇంకో కన్నుంది కదమ్మే? పదును ఆరిపోతాంది. ఈ చేను కానీ, పోదాం."

"నీ ఎద్దు కుంటితే మాత్రం ఆపుతావులే," అని నవ్వి, మళ్లీ గింజలు వదిలింది.

నొప్పి లేనిది రోగమే కాదనుకున్నాను. నిజంగా అనుకున్నానా? పదును కోసం అలా అనుకోవాలని చూశానా? విత్తడం ముగించి, మరునాడు నంద్యాల బస్సెక్కించాను.

అక్కడ కంటి డాక్టరు దీపం, అద్దం పెట్టి ఆమె కంటి లోపలికి చూశాడు. లోపలి పొర తెల్లగా పాలిపోయిందనీ, నడుమ ఎర్రటి చుక్క ఒకటే మిగిలిందనీ, కంటికి నెత్తురు తెచ్చే నరం మూసుకుపోయిందనీ చెప్పాడు. చూపు పోగానే వచ్చి ఉంటే ఏమైనా చేసి చూసేవాణ్ణన్నాడు. ఎప్పుడు పోయిందని అడిగాడు. నాగమ్మ నోరు తెరవకముందే నేనన్నాను: "ఈ పొద్దే చెప్పింది సార్. దాచిపెట్టుకుంది."

బయటికొచ్చాక ఆమె ఒకటే మాటంది: "కన్నే పాయ గానీ నోరు పోలేదన్నా నాకు."

ఆ నోరు ఎన్నడూ విప్పలేదు. ముందే ఎందుకు చెప్పలేదని ఇంట్లో అందరూ ఆమెనే తిడుతుంటే, నేను తల వంచుకుని సంగటి తిన్నాను.

కొన్నాళ్లకు మళ్లీ చూపించాం. ఆ తెలుపు పోయింది, ఎర్రచుక్కా కనిపించడం లేదు, కంటి వెనక చూపు నరం మాత్రం పాలిపోయింది అన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే, ఆమె కంట్లో నా మీద ఉన్న సాక్ష్యం చెరిగిపోయినట్టు నాకు ఊపిరాడింది. చేసిన ఆలస్యం కన్నా, ఆడిన అబద్ధం కన్నా, ఆ ఊపిరి గుర్తొస్తేనే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

ఆ ఏడు జొన్న బాగా పండింది. ఒక్క సాలూ పలచబడలేదు.

తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. సంతకం కోసమని అందరికీ చెప్పాను. ఇది రాయడానికే. రాశాను, గుండె కొంచెం తేలికైంది. నాగమ్మ వసారాలో జొన్నలు చెరుగుతోంది. క్షమిస్తుందని రాయను. ఆమెకు చదువు రాదు. దీన్ని చదివి వినిపించాల్సిన నోరు నాదే.