ప్రభువుకో దరఖాస్తు, గిటారుతో

నాంపల్లిలో మేము కిరాయికున్న ఇంటికి మూడు గోడలు మావి, నాలుగోది చర్చివాళ్ళది. చర్చి అంటే గంటా శిఖరమూ ఉన్నదేం కాదు. స్టేషన్‌కి పోయే దారిలో ఒక పెంకుటిల్లు, దాని వెనక ఒక రేకుల హాలు, అంతే. ఆ హాలు గోడే మా ముందుగదికీ గోడ. ఆ గదిలో సాయంత్రాలు మా అమ్మ ఆరుగురు ఆడపిల్లలకి వీణ చెప్పేది.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు వచ్చిన గుమస్తాల్లో మా నాన్న ఒకరు. సొంతూరు గుంటూరు దగ్గర. వచ్చి పదిహేనేళ్ళయినా అమ్మకి ఈ ఊరి మీద నమ్మకం కుదరలేదు. కానీ ఆదివారం గోడవతల పాడుకునే వాళ్ళ మీద ఆవిడకి ఏ ఫిర్యాదూ లేదు. "పెట్టె పెట్టుకుని పాడుతున్నారు. దానికి శ్రుతి తప్పే అవకాశం లేదు. వాళ్ళ అదృష్టం" అనేది హార్మోనియం గురించి.

డెబ్బై ఒకటిలో ఆ అదృష్టం అయిపోయింది. పాస్టరుగారి కొడుకు డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరకక, జుట్టు మాత్రం దొరికినంత పెంచి, ఎక్కణ్ణుంచో ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడు. దానికో ఆంప్లిఫయర్. ఒక రేడియో మెకానిక్ పాత డొక్కు రేడియోలో వాల్వులు బిగించి చేసిచ్చినది. అది తన పుట్టుక మర్చిపోలేదు. ఒక్కోసారి ప్రార్థన మధ్యలో దాన్నుంచి మిరపకాయల ధరలు వినిపించేవి. డ్రమ్ములు వాయించడానికి వాళ్ళ సంఘంలోనే ఒకతను కుదిరాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, బషీర్‌బాగ్‌లో ఏదో సర్కారు ఆఫీసులో డిస్పాచ్ గుమస్తా. ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి మా గోడ మీద పడేవారు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గన్‌ఫౌండ్రీలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టుని. ఆఫీసు వదిలాక ఆబిడ్స్‌లో ఒక రికార్డుల షాపులో నిలబడి, కొనేదానిలా మొహం పెట్టి, ఇంగ్లీషు రికార్డులు వినేదాన్ని. షాపాయనకి నా సంగతి తెలుసు, అయినా పోనీలే అని వేసేవాడు. కాబట్టి రాక్ సంగీతం విషయంలో నాంపల్లి మొత్తానికి నేనే పండితురాలినని నా నమ్మకం. రాక్ అనేది చెడిపోవాలనుకునేవాళ్ళ సంగీతం. దాన్ని తెచ్చి ప్రార్థనలో పెట్టడమంటే సారాయిని ఉద్ధరిణెతో తీర్థం పోసినట్టు పోయడమేనని నా గట్టి అభిప్రాయం.

మూడో శనివారం అమ్మ వీణ పక్కన పెట్టి లేచింది. "పద. మాట్లాడి వద్దాం" అంది. మతాల గొడవ అవుతుందేమోనని భయపడుతూ వెనకాలే వెళ్ళాను.

మమ్మల్ని చూడగానే పాస్టరుగారు కుర్చీలు లాగారు. మెదక్ వైపు పెద్దాయన, చాలా మెత్తని మనిషి. "కూసోండ్రి అమ్మా. లొల్లి బాగైతుందా? ఆపిస్త" అన్నారు.

"ఆపక్కర్లేదండీ" అంది అమ్మ. "మీ దేవుణ్ణి మీరు పిలుచుకోండి, నాకేం. ఆ మూడో తీగ తగ్గింది. మూడు వారాలనుంచీ తగ్గే ఉంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు దానికి కలిపి తప్పు వాయిస్తున్నారు."

పాస్టరుగారి కొడుకు గిటారు గుండెకి హత్తుకుని, "ఆంటీ, ఇది వెస్టర్న్ ట్యూనింగ్" అన్నాడు.

"నేనెవరికీ ఆంటీని కాను. ఇటివ్వు."

ఆవిడ జన్మలో గిటారు పట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో తీగా మీటి, ఏ మర ఏ తీగదో చూసుకుని, మూడోదాన్ని పిసరంత బిగించింది. అతను మీటి చూశాడు. మొదటిసారిగా ఆ హాల్లో ఏదో సంగీతం లాంటిది వినిపించింది. డ్రమ్ములతను పకపకా నవ్వి, "నేను చెప్పలే? ఏదో కరాబుందని!" అన్నాడు. అతను వాయించే వాయిద్యానికి ఆ గొడవే లేదని ధీమా.

అప్పట్నుంచి ప్రతి శనివారం పాస్టరుగారి కొడుకు గిటారు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాడు. అమ్మ శ్రుతి చేసిచ్చేది. ఒక వారం అతను ఊరుకోకుండా, "పాటలెలా ఉన్నాయి అమ్మగారూ?" అని అడిగాడు.

"బాగోలేవు నాయనా" అంది, కాఫీలో చక్కెర సరిపోలేదన్నంత మామూలుగా.

అతను నా వైపు చూశాడు. నేను ఊరుకుంటానా? "మీ రెండో పాట ఉంది చూశారూ, దాని ట్యూను నేను ఆబిడ్స్‌లో విన్నాను. అందులో వాడు ఒక అమ్మాయి కోసం ఏడుస్తాడు. మీరు అమ్మాయిని తీసేసి అక్కడ ప్రభువును కూర్చోబెట్టారు. అదైనా సరిగ్గా చెయ్యలేదు. మూడో చరణంలో ప్రభువు ఇంకా గౌను వేసుకునే ఉన్నాడు" అన్నాను.

అతని మొహం కందిపోయింది. "మంచి ఉద్దేశంతో పాడితే చాలదా?" అన్నాడు.

"మీ అమ్మగారు మంచి ఉద్దేశంతో మాడ్చిన కూర మీరు తింటారా?"

"తింటాను."

ఆ అబ్బాయి మంచివాడు, అదే చిక్కు. అతను వెళ్ళాక అమ్మని అడిగాను, అసలు దేవుడి మీద పాట మంచిదవ్వాలంటే ఏం కావాలని. ఆవిడ తీగ తుడుస్తూ, "మన కీర్తనలు చూడు. సగం దేవుణ్ణి నిలదీసేవే. ఎందుకు రావు, ఎందుకు వినవు, నీకు మనసుందా అని. కడుపు మండితే గానీ అలా అడగరు. ఈ పిల్లాడికి ఏం మండుతోంది? వేళకి అన్నం తిని, శుభ్రంగా స్నానం చేసి వచ్చి, 'నా జీవితం అంధకారం' అని పాడతాడు" అంది.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఒక శనివారం, పాస్టరుగారి కొడుకు ఇంకా రాలేదు. డ్రమ్ములతను ఒక్కడే హాల్లో కూర్చుని ఏదో కొట్టుకుంటూ పాడుకుంటున్నాడు. అమ్మ పాఠం మధ్యలో చెయ్యెత్తి పిల్లల్ని ఆపింది. గోడకి చెవి పెట్టలేదు గానీ, దాదాపు పెట్టినంత పని చేసింది. "ఆ అబ్బాయిని పిలు" అంది.

అతను వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఏందమ్మా, జర ఎక్కువైందా?"

"ఆ పాట ఎవరిది?"

"పాటనా? ఉత్తగనే అనుకుంటున్న. ఆఫీసు కోపం."

కొంచెం కొంచెంగా చెప్పాడు. అతని భార్య వరంగల్‌లో సర్కారు దవాఖానలో నర్సు. పెళ్ళయి మూడేళ్ళు. ఇతను అక్కడికి బదిలీ కోసం ఇక్కడ దరఖాస్తులు పెడుతున్నాడు, ఆవిడ ఇక్కడికి బదిలీ కోసం అక్కడ పెడుతోంది. పండక్కీ పబ్బానికీ కలుసుకుంటారు. "ఆఫీసుల దరఖాస్తు పెడ్తి. చర్చిల ప్రార్థన పెడ్తి. రెండు తావుల ఒకటే జవాబు, రేపు రమ్మని. గదే పాట."

"ఆ దెబ్బ ఎక్కడ నేర్చుకున్నావు?" అంది అమ్మ.

"మా నాయిన ఊర్ల డప్పు కొడ్తుండె. గదే చేతికొస్తది. చర్చిల గది కొట్టొద్దంటడు అయ్యగారి కొడుకు. బాగుండదట."

మా ఇంట్లో బయటివాళ్ళకని వేరే పెట్టిన గ్లాసులు రెండుండేవి. ఎవరికి అని ఎవరూ పైకి అనేవారు కాదు, అందరికీ తెలుసు. అమ్మ లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. మేము తాగే గ్లాసులో తెచ్చింది. "లోపలికొచ్చి కూర్చో. మళ్ళీ పాడు" అంది. అతను మా చెక్క బల్ల మీద వేళ్ళతో దెబ్బ వేస్తూ పాడాడు.

పొద్దుగాల్నే వస్తి సామి నీ ఆఫీసుకు,
కుర్సీ మీద కోటుంది, కోటుల నువ్వు లేవు.
రేపు రమ్మన్నడు నీ బంట్రోతు,
ఏ రేపో జర చెప్పు దేవా.
దరఖాస్తు మీద దరఖాస్తు పెడితి,
ఒక్క సంతకం జేస్తే చెయ్యరుగుతదా?

వీణ పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రికార్డుల షాపులో నిలబడి ఇన్నాళ్ళూ నేను వెతుక్కున్నది మా ఇంటి బల్ల మీదే మోగుతోంది. పండితురాలికి అది ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

పాస్టరుగారి కొడుకుని ఒప్పించడానికి నెల పట్టింది. "ఇందులో భక్తి ఎక్కడుంది? ఇది కంప్లయింటు" అనేవాడు. చివరికి పాస్టరుగారే తేల్చారు. పాటంతా విని, గడ్డం గోక్కుని, "మనం జేసే ప్రార్థనల్ల సగం దరఖాస్తులేగదరా. ఈయన నిజం ఒప్పుకున్నడు, అంతే. పాడుండ్రి" అన్నారు. ఒకసారి సరే అనుకున్నాక ఆ అబ్బాయి దానికి గిటారు కట్టిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. డప్పు దెబ్బకి పక్కగా, గొణుగుతున్నట్టు నాలుగే స్వరాలు. ఎవరి నుంచీ ఎత్తింది కాదు.

ఆబిడ్స్‌లో ఒక హాల్లో మూడు చర్చిల యువజనుల సభ పెట్టారు. అమ్మ కచేరీలకి కట్టే పట్టుచీర కట్టింది. మమ్మల్నిద్దర్నీ ఒంటరిగా పంపడం ఇష్టంలేక నాన్న కూడా వచ్చారు. గోడవతలి మావాళ్ళిద్దరూ పూల చొక్కాలు, నేల ఊడ్చే ప్యాంట్లు వేసుకొచ్చారు. మొదటి రెండు పాటలూ పాతవే. జనం బస్సు కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు. 'హల్లెలూయ' అని సాగదీసినచోట ఆంప్లిఫయర్ క్వింటాలు మిర్చి ధర చెప్పింది. ఆ సాయంత్రం మొదటి చప్పట్లు దానికే వచ్చాయి.

అప్పుడు డ్రమ్ములతను గొంతు సవరించుకుని మూడో పాట ఎత్తుకున్నాడు.

కుర్సీ మీద కోటు దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఒక మూల గుప్పున నవ్వు లేచింది. ఉన్నవాళ్ళలో సగంమంది ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళే, మిగతా సగం ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు. 'ఏ రేపో జర చెప్పు దేవా' అన్నప్పుడు నవ్వు ఆగిపోయింది. నా ముందు వరసలో ఒక ముసలమ్మ, "ఔ, గదే అడుగు బిడ్డా" అంది పైకే. అతను అదే మాట నాలుగుసార్లు అడిగాడు, ఒకసారి కంటే ఒకసారి మెల్లగా. అడిగి, ఎవరో జవాబు చెబుతారేమో అన్నట్టు ఆగాడు. గిటారు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో నేను, ఏ దేవుడితోనూ పెద్దగా మాటల్లేనిదాన్ని, నిజంగానే చెవులు రిక్కించాను. తర్వాత దెబ్బ మళ్ళీ అందుకుంది, జనం లేచి నిలబడ్డారు.

ముందు వరస నుంచి ఒక సంఘపెద్ద విసవిసా బయటికి నడిచాడు. దేవుణ్ణి అన్నందుకని అందరూ అనుకున్నారు. ఆయన ఒక ఆఫీసులో సూపరింటెండెంటని తర్వాత తెలిసింది. మా నాన్న కూడా దారిపొడుగునా విసవిసా నడిచారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఆ కోటు సంగతి అతనికి ఎవరు చెప్పారు? మీరేమైనా అన్నారా?" అని అడిగారు. నాన్న కోటు కుర్చీకి తగిలించి టీకి వెళ్తారని మాకు ఆ రోజే తెలిసింది.

సంఘపెద్దలు కూర్చుని ఆ పాటను హాల్లో పాడకూడదని తీర్మానించారు. దాంతో అది బయటంతా పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు పాడేవారు. మా ఆఫీసులో క్లెయిముల సెక్షన్ ముందు నిలబడి ఒకాయన గొణుగుతుంటే నేను స్వయంగా విన్నాను, ఆయన ఏ చర్చికీ పోయేరకం కాదు. పాస్టరుగారి కొడుక్కి ఏడాది తిరక్కుండా విజయవాడలో ఉద్యోగం వచ్చింది. గిటారు తీసుకెళ్ళాడు, ఆంప్లిఫయర్ వదిలేశాడు. తర్వాత ఆ హాల్లోకి ఇంకో కుర్రాళ్ళ గుంపు వచ్చింది. వాళ్ళు శ్రుతి తప్పేవారు కాదు. పాటలు మాత్రం అన్నీ ఒకటే పాటలా ఉండేవి. ఇప్పటికీ ఎవరైనా క్రైస్తవ రాక్ బాగుంటుందా అని అడిగితే, నేను విన్న యాభైలో నలభై తొమ్మిది బాగోలేదని చెప్తాను. ప్రేమ పాటల్లోనూ లెక్క అంతకంటే గొప్పగా ఏం లేదు.

దరఖాస్తుల విషయానికొస్తే, రెండూ మంజూరయ్యాయి. ఒకే వారంలో. అతన్ని వరంగల్‌కి వేశారు, ఆవిణ్ణి హైదరాబాదుకి. అతను రెండు కాగితాలూ పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక, "ఇన్నడమ్మా. మరీ ఎక్కువ ఇన్నడు" అన్నాడు. నాన్న, బహుశా కోటు పాపం కడుక్కోవడానికి, వాళ్ళ ఆఫీసుకి తానే నాలుగుసార్లు తిరిగి అతని ఆర్డరు రద్దు చేయించారు.

ఆవిడ వచ్చాక ఇద్దర్నీ భోజనానికి పిలిచాం. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. అంత పేరొచ్చిన పాట ఆవిడ అసలు వినలేదట. అన్నాలయ్యాక అందరం బలవంతపెడితే అతను సిగ్గుపడుతూ పాడాడు. ఆవిడ చివరిదాకా విని, కొంగు సర్దుకుని, "పాటంత ఆఫీసే ఉంది. కోటుంది, కుర్సుంది, బంట్రోతున్నడు. గిండ్ల నేనేడున్న?" అంది.

పై వారం అతను ఒక కొత్త చరణం కట్టుకొచ్చాడు. బెల్లమసొంటిది నా పెండ్లాము అని మొదలై, చివరిదాకా బెల్లంలోనే నడిచింది. అమ్మ మొహమాటం లేకుండా, "ఇది మాత్రం బాగోలేదు నాయనా" అంది. అతని భార్య మాత్రం మళ్ళీ పాడమని రెండుసార్లు పాడించుకుంది.