ఇళ్లు ఖాళీ అయిన సంవత్సరాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: ఇంటి యజమాని అయిన పెద్దాయన, నా రూమ్మేటు, నేను. వస్తువులు: పాత కంప్యూటరు, ఒక ఫ్లాపీ, హీటరు, పెద్దాయన భూతద్దం. తొంభై తొమ్మిది జూలై, ఈ దేశంలో అది చలికాలం; కొత్తగా కడుతున్న గంగాలిన్ శివారులో గట్టి చలి. మా వీధిలో సగం ఇళ్లకు ఇంకా మనుషులు రాలేదు.

పెద్దాయన వయసులో ఉండగా జర్మనీ నుంచి వచ్చారు. భార్య పోయాక ఒంటరి. ఆయన సొంతూరి పక్క అడవిలో మధ్యయుగంలోనే పాడుబడిన ఊరొకటి ఉందట. కొన్ని కుటుంబాలు ప్లేగులో పోయాయి, కొన్ని నేల సారం తగ్గి పట్టణం చేరాయి. మిగిలింది చర్చి పునాది, చెట్ల కింద నాగటి చాళ్లు. ఏ ఇల్లు ఏ ఏడు ఖాళీ అయిందో అక్కడి చర్చిలకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి రాబట్టి, ఆ ఫ్లాపీలో ఎక్కించుకున్నారు.

"రెండువేల సంవత్సరం వస్తే ఇది చెడిపోతుందా?" అని అడిగారు.

"నో వర్రీస్ అంకుల్" అని రెండంకెల ఏళ్లను నాలుగంకెలు చేయడానికి ఆఫీసులో వాడే తేదీల ప్రోగ్రాము నడిపాను. అది చివరి రెండంకెలే ఉంచుకుని ముందు పందొమ్మిది చేరుస్తుంది. 1349 కాస్తా 1949 అయింది. మార్చేముందు కాపీ తీయాలన్నది ఆఫీసు నియమం. ఇంట్లో తీయలేదు.

రూమ్మేటు తెర చూసి పకపకా నవ్వాడు. "అరె, అంకుల్ ఊరోళ్లంత మొన్నమొన్ననే పోయిన్రు కదరా! గీ ఇల్లు చూడు, మా నాయిన పెండ్లయిన ఏడాదే ఖాళీ అయింది!"

పెద్దాయనకు తెలుగు రాదు. భూతద్దం పెట్టి చూశారు.

"ఆ ఉత్తరాలు ఉన్నాయా అంకుల్?" అన్నాను.

"పాత ఇల్లు అమ్మినప్పుడు పారేశాను. ఇందులో ఉన్నాయి కదా అనుకున్నాను. జవాబులు రాసినవాళ్లూ ఇప్పుడు లేరు."

రూమ్మేటు నవ్వు ఆపి టీ పెట్టడానికి వెళ్లాడు.

పోయింది శతాబ్దం. పదమూడు వందలా, పద్నాలుగు వందలా అన్నది ఆయన జ్ఞాపకంలోంచే రావాలి. ప్రతి ఆదివారం నేను జాబితాలోంచి ఒక్కో ఇంటి పేరు చదివేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకుని చెప్పేవారు.

"బావి పక్క ఇల్లు. ప్లేగు. పదమూడు."

"కమ్మరి. కూతురితో పట్టణం వెళ్లాడు. పద్నాలుగు."

ఈలోగా రూమ్మేటు మెల్‌బోర్న్ ప్రాజెక్టుకు వెళ్లిపోయాడు. ఆదివారం మాట్లాడడానికి నాకూ ఆయనొక్కరే మిగిలారు. కొన్ని పేర్లకు ఎంతసేపు కూర్చున్నా జవాబు వచ్చేది కాదు.

"ఊహించి వేసేయనా అంకుల్?"

"వద్దు. తెలియనిది తెలియనట్టే ఉంచు."

నవంబరులో నా కాంట్రాక్టు ముగిసింది. వెళ్లేముందు రెండు కాపీలు తీసి ఇచ్చాను. మొత్తం ఇళ్లు నలభై మూడు. శతాబ్దం దొరికినవి ముప్పై ఆరు. దొరకనివి ఏడు.